అక్క పంపిన చెరువు నీళ్ళు

పెదపాడు దగ్గర మా బావకి చేపల చెరువుంది. వైశాల్యంలో కొల్లేరుకి రవ్వంత తక్కువని ఆయన అభిప్రాయం. ఈ గట్టు మీద తుమ్మితే ఆ గట్టు మీదవాళ్ళకి జలుబు చేస్తుందని నా అభిప్రాయం.

ఆ మధ్య పక్క కాలవలో ఎవరో విదేశీ నత్తను చూశామన్నారు. ఆ నోటా ఈ నోటా పడి సాయంత్రానికది కొబ్బరికాయంత అయింది. వల లాగేవాళ్ళు మాత్రం నవ్వలేదు.

"మీ చెరువులో అది లేదని తేలాకే వల దించుతామండీ. దాని పిల్లలు మా వలకంటుకుని ఊళ్ళోని చెరువులన్నిటికీ పాకితే ఎవరండీ జవాబు?"

చేపలేమో పట్టుబడికొచ్చాయి. ఎండలు ముదిరి నీరు తగ్గితే చచ్చి తేలతాయి. బావ బెంగతో అన్నం మానేశారు. అంటే, మూడోసారి వడ్డన మానేశారు.

వాళ్ళమ్మాయి విశాఖలో డీఎన్ఏ మీద పరిశోధన చేస్తోంది. "నత్త కనబడక్కర్లేదు నాన్నా. దాని జిగురు కాస్త నీళ్ళలో కలిసినా పట్టేస్తాం. నాలుగు సీసాలు చెరువు నీళ్ళు పంపండి" అంది ఫోన్లో.

బావ ముంచి తెచ్చారు. అక్క సీసాలు ఐసు పెట్టెలో సర్దింది. నేను ఏలూరులో రైలెక్కి, ఆ పెట్టెని తిరునాళ్ళలో పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని, తాడేపల్లిగూడెం వచ్చేలోపే మూడుసార్లు తెరిచి చూసుకున్నాను. బావ చెరువు ఇంత తేటగా ఉంటుందా అని పొంగిపోయాను కూడా.

నాలుగోనాడు ఫోనొచ్చింది.

"నాన్నా, విదేశీ నత్త లేదు."

బావ లేచి నిలబడ్డారు.

"మన నత్తా లేదు. అసలు చేపలే లేవు."

బావ కూలబడ్డారు. "ఎత్తుకుపోయారంటావా బావా?" అన్నారు నా చెయ్యి పట్టుకుని.

వంటింట్లోంచి అక్క వచ్చింది. "అంత చదువుకున్నవాళ్ళకి ఆ పాచినీళ్ళెలా పంపుతామండీ? పారబోసి, సీసాలు శుభ్రంగా తోమి, టిన్ను నీళ్ళు పోశాను."

తప్పు అక్కది కాదు. చుట్టూ నీళ్ళే ఉన్నా తాగడానికి టిన్ను తెప్పించుకునే పక్క మాది. గడప తొక్కినవాళ్ళకి ఆ నీళ్ళే ఇవ్వడం ఇక్కడి మర్యాద. అక్క ఆ మర్యాదని విశాఖదాకా పంపించింది, అంతే.

ఈసారి మేనకోడలే వచ్చి, చేతులకి తొడుగులేసుకుని నీళ్ళు ముంచుకుంది. వాళ్ళమ్మని గట్టెక్కనివ్వలేదు. వారం తిరక్కుండానే కబురు చెప్పింది: చేపలున్నాయి, మన నత్తలున్నాయి, బాతులు కూడా దిగినట్టున్నాయి, విదేశీ నత్త ఆనవాలు మాత్రం లేదు.

మర్నాడే వల దిగింది. మొదట పడ్డ బొచ్చె చేపని బావ చంటిబిడ్డలా ఎత్తుకుని కూతురికి ఫోన్ చేశారు.

"అమ్మడూ, మీ ల్యాబులో ఎంతమందమ్మా? తలో చేపా మామయ్యకిచ్చి పంపిస్తాను."

"అయ్యో, వద్దు నాన్నా! ఆ చేప ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిందంటే, దాని జిగురు అన్నిటికీ అంటుకుని, ఇక ఎవరి నీళ్ళు పరీక్షించినా అందులో మన చేపే కనిపిస్తుంది!"

బావ ముఖం మతాబాలా వెలిగిపోయింది.

"విన్నావా బావా," అన్నారు, "అదీ మన చేపంటే!"