పేరు రాయని ఫొటో

దయ్యాలనేవి ఉంటే మొట్టమొదట మా నాయన డార్క్‌రూములోనే ఉండాలి. పూతలపట్టులో రోడ్డు మీదే ఆయన ఫొటో స్టూడియో. దాని వెనక గదిలో, ఎర్ర బల్బు కింద, మందునీళ్ళ వాసనలో నా చిన్నతనం గడిచింది. తెల్ల కాగితం మీద ముఖాలు మెల్లగా తేలి రావడం చూస్తూ పెరిగినవాణ్ణి. అలాంటి చోట కూడా నాకు ఏనాడూ ఏదీ కనబడలేదు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది కల్పించానని మీరనుకుంటే నాకు కోపం రాదు. ఇంకొకరు చెబితే నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ ముఖం నాకు తెలియదు. నేను చంకబిడ్డగా ఉన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఆ తరవాతి వానాకాలంలో స్టూడియో కప్పు కారి, పెళ్ళి ఆల్బమూ నెగెటివులూ ముద్దయిపోయాయి. ఊరందరికీ ఫొటోలు తీసిన మనిషి ఇంట్లో ఆయన భార్య ఫొటో లేదు. పోనీ అద్దంలో వెతుక్కుందామన్నా, నాది అచ్చం నాయన పోలిక అంటారు. నలభై దాటినా ఆ వెలితి నన్ను వదల్లేదు.

నేనూ కెమెరా పట్టుకునే బతుకుతున్నాను, తిరుపతిలో. పెళ్ళిళ్ళు, బారసాలలు తీస్తాను. నా తృప్తి కోసం మాత్రం ఒక పని పెట్టుకున్నాను. కొండ మీద తలనీలాలిచ్చి దిగివచ్చినవాళ్ళ ముఖాలు తీయడం. గుండు మీద గంధం ఆరకముందు మనిషి ముఖం వేరేగా ఉంటుంది. గుండుతో ఉన్న కన్నతల్లిని గుర్తుపట్టక చంటిపిల్లలు గుక్కపట్టి ఏడవడం ఎన్నిసార్లు చూశానో. పేరు, ఊరు రాస్తే ఆ అందం పోతుందనిపించి, ఏ ఫొటో కిందా ఏమీ రాయకూడదనుకున్నాను.

మొదటి ప్రదర్శన పెడుతున్నానంటే నా స్నేహితుడొకడు నవ్వాడు. "తిరపతిలో గుండ్లు సూసేదానికి ఎవురొస్తారప్పా? అయినా నువ్వు మొదలుపెట్టిన పనులన్నీ తిరపతి క్షవరాలే గదా" అన్నాడు. సగం గొరిగి వదిలేసే అలవాటు నాకుందని ఎత్తిపొడుపు. నిజమే, ఉంది. ఆ పంతంతోనే ఒక కల్యాణ మండపం కింది హాలు మాట్లాడి, ప్రింట్లన్నీ దగ్గరుండి వేయించాను.

వాటిలో ఒక అమ్మాయి ఫొటో ఉంది. పాతికేళ్ళుండొచ్చు. అలిపిరి దగ్గర పొద్దుటి ఎండలో తీశాను. తీయొచ్చా అని అడిగితే తలూపింది. తీశాక జనంలో కలిసిపోయింది. ఆమె ఎవరో నాకు తెలియదు గానీ ఆ ముఖం మాత్రం బాగా తెలుసు. కంప్యూటర్లో పెద్దది చేసి, వెలుగునీడలు సరిచేస్తూ రోజుల తరబడి దాని ముందే కూర్చున్నాను. చిన్న మచ్చ కూడా లేని ముఖం. రెండు చెవులకూ దుద్దులు.

ప్రదర్శనకు జనం బాగానే వచ్చారు. ఎవరికి ఎప్పుడు గుండు కొట్టించారో, ఎవరెంత ఏడ్చారో చెప్పుకుని నవ్వుకున్నారు. నాకు పెళ్ళికొడుకునైనంత సంబరంగా ఉంది.

మొదటి రోజు మధ్యాహ్నం నగరి నుంచి వచ్చిన ఒక ముసలామె ఆ ఫొటో ముందు నిలబడి నన్ను పిలిచింది. మగ్గం నేసే కుటుంబమట. "మా పాపకి గుండు యాడ కొట్టిచ్చినారు నాయనా? నాకు చెప్పనే లేదే" అంది. మీ అమ్మాయి కాదేమో అన్నాను. ఆమె ఫొటోలో ఎడమ కనుబొమ్మ చూపించింది. "ఈ గాటు సూడు. చిన్నప్పుడు మగ్గం కట్టె తగిలింది."

చూశాను. కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని సన్నటి గీత ఉంది. ముసలామె అక్కడికక్కడే కూతురికి ఫోన్ చేసింది. కూతురు చెన్నైలో బారెడు జడతో హాయిగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ముసలామె కూడా నవ్వింది. అయినా "ఇది నా బిడ్డే" అనడం మానలేదు. ఆ గీత అన్నాళ్ళూ నా కంట ఎలా పడలేదో నాకు అర్థం కాలేదు.

మర్నాడు కార్వేటినగరం నుంచి ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. అదే ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళితే, "మా అక్క. పోయి శానా ఏండ్లయింది" అన్నాడు. గడ్డం కింద పుట్టుమచ్చ చూపించి, ఒక కాపీ ఇవ్వగలరా అని అడిగాడు. ఆ మచ్చ కూడా అక్కడుంది. గుండు చేయిస్తే అందరూ ఒకేలా ఉంటారు, చూసేవాళ్ళు తమవాళ్ళనే వెతుక్కుంటారు అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ముఖాల వరకూ ఆ మాట సరిపోయింది. గాటుకీ మచ్చకీ సరిపోలేదు.

చివరి రోజు నాయన బస్సులో వచ్చాడు. ఈమధ్యే కళ్ళ ఆపరేషన్ అయింది, చూపు బాగుంది. ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, వెలుతురు ఎటునుంచి తీసుకున్నావని అడుగుతూ, తప్పులు పడుతూ నడిచాడు. ఆయన తప్పులు పడితే నచ్చినట్టే లెక్క. ఆ ఫొటో దగ్గరికి రాగానే ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. జరిగిన సంగతులేవీ ఆయనకు చెప్పలేదు నేను. ఫొటోలో కుడి చెవి దగ్గర వేలు పెట్టాడు.

"ఇది నువ్వు లాగిందేరా" అన్నాడు. "పాలు తాగతా తాగతా కమ్మ పట్టుకోని లాగేసినావు. తమ్మె చీలిపోయింది. కేక పెట్టింది గానీ నిన్నొక దెబ్బ గూడా కొట్టలేదు మీ అమ్మ."

కుడి చెవి తమ్మె చీలి ఉంది. దానికి దుద్దు లేదు.

అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాను. జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా కలగలేదు. అది దుఃఖం కాదు. అంత తృప్తిగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

ఇంటికెళ్ళి కంప్యూటర్లో అసలు ఫొటో తెరిచాను. గాటు లేదు, మచ్చ లేదు, రెండు చెవులకూ దుద్దులున్నాయి. దాని నుంచే కాపీలు వేయించి నగరికీ, కార్వేటినగరానికీ పంపించాను. గాటు బాగా కనబడుతోందని ముసలామె ఫోన్ చేసింది. మచ్చ ఉందని మాస్టారూ చెప్పాడు. కాగితం తప్పేమో, ఇంకు తప్పేమో, నా కళ్ళే తప్పేమో అని అన్ని రకాలుగా ఆలోచించాను. ఏదీ పొసగలేదు.

ప్రదర్శనలో పెట్టిన ప్రింటు ఇప్పుడు పూతలపట్టులో, నాయన మంచానికి ఎదురుగా ఉంది. గోడకు తగిలించిన రోజు నేను పూలదండ తెస్తే వద్దన్నాడు. "ఆ బిడ్డెవురో యాడో సల్లగా బతికుండాది. దండెయ్యగూడదు" అన్నాడు. అంటే ఆమె అమ్మ కాదని ఆయనకూ తెలుసు. అప్పుడే, నాకు ఏనాడూ చెప్పని సంగతి చెప్పాడు. నేను దక్కితే తలనీలాలిస్తానని అమ్మ మొక్కుకుందట. నేను పుట్టాక కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకుందట. గుండుతో ఫొటో తీస్తానని నాయన అంటే, కొంగు కప్పుకుని, జుట్టు రానీ అప్పుడు తీద్దువు అందట. జుట్టు రాకముందే జ్వరం వచ్చింది.

చెప్పి, ఫొటో వైపే చూస్తూ అడిగాడు. "నేనెంత అడిగినా ఒప్పుకోలేదే. నీకెట్ల ఒప్పుకునిందిరా?"

"అడగ్గానే తలూపింది నాయనా" అన్నాను.

అందులో అబద్ధమేమీ లేదు. తలూపింది ఎవరన్నదే నాకు ఇవాళ్టికీ తెలియదు.