సీడీ డబ్బాకు చూపు

డిస్కును కడుపులో పెట్టుకుని డిస్కు లేదని బొంకే యంత్రంతో నెలకు పైగా వేగాను. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ నెలంతా అది అక్కడి నుంచి దిగనే లేదు.

సూళ్లూరుపేట బజారులో మాది రిపేరు షాపు. మా నాయన పెట్టాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. పని మానేశానని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు, నేనే స్క్రూడ్రైవర్లు దాచేశాను. అయినా ఒకరోజు కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ని పిడి అనుకుని మొన దగ్గర పట్టుకున్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు రాదని నెల్లూరు డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. నాకు భయం, కోపం రెండూ కలిసి వచ్చాయి.

"పొర తీస్తారు, అద్దం పెడతారు, సాయంత్రానికి ఇంటికొస్తావు. ఏంది నాయనా నీ మొండితనం?" అని అరిచాను.

"నువ్వు ముందు దాని కంటిపొర తియ్యి. దానికి చూపొస్తే నేనూ చేయించుకుంటా," అని అటక మీదున్న గేమ్ పెట్టెను చూపించాడు. నిజానికి ఆయన వేలు చూపించింది పక్కనున్న గ్రైండర్ని. నాకర్థమైంది.

నా చిన్నప్పుడు నాయన చెన్నై వెళ్ళి కొనుక్కొచ్చిన జపాను పెట్టె అది. దాని కింద ఇంకో డబ్బా తగిలిస్తే సీడీల మీదున్న ఆటలు ఆడుకోవచ్చు. కొన్నది నాకోసమే, ఆడింది మాత్రం ఆయన. విమానం ఆటలో చివరి కోట దాటకుండానే ఆ సీడీ డబ్బా చెడిపోయింది. ఊళ్ళో అందరి టీవీలూ బాగుచేసిన మనిషి తన డబ్బాను బాగుచేసుకోలేకపోయాడు.

"నేను సాక్షి అక్కా," అన్నాడు ఎదురుగా ఉండే టీ కొట్టు అన్న, గ్లాసులు పెడుతూ. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అక్కా అంటాడు. పందెం అట్లా ఖాయమైంది.

మూత ఎత్తి డిస్కు పెట్టాను. గిర్రున తిరిగింది, ఆగింది. టీవీలో 'నో డిస్క్' అని పడింది. ముందు పులికాటు సరస్సు ఉప్పుగాలిని తిట్టుకున్నాను, మా ఊళ్ళో ఏం పాడైనా మొదటి ముద్దాయి అదే. తుప్పు గీకి, డిస్కును చదివే లెన్సు జరిగే కమ్మీకి గ్రీజు పూశాను. నో డిస్క్. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను. నో డిస్క్. మొత్తం తలకిందులు చేసి పెడితే మాత్రం రెండు నిమిషాలు చదివింది.

"తలకిందులుగా చదివినా చాలని ఒప్పుకుంటే నేను మంచానికి తలకిందులుగా వేలాడాల్సొస్తది," అన్నాడు నాయన.

ఒకరోజు మా ఊరి పక్కనున్న ప్రయోగ కేంద్రం నుంచి రాకెట్టు లేచి మా షట్టరు గడగడలాడినప్పుడు డబ్బా దానంతటది చదివేసింది. అయితే లూజు కనెక్షనే అనుకుని, ఉన్న అతుకులన్నీ మళ్ళీ కరిగించి అతికించాను. ఫలితం సున్నా.

"రోజుకొక రాకెట్టు ఒదలమని అడుగుదామా అక్కా?" అన్నాడు టీ అన్న. గ్లాసు విసిరేసేదాన్నే, అందులో టీ ఉంది కాబట్టి ఆగాను.

చివరికి ఒక గురువారం దూదికి స్పిరిట్ తడిపి లెన్సు తుడిచాను. అంతే! పాట మోగింది, విమానం ఎగిరింది. నేను షాపులోనే గంతులేశాను.

నాయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ఒకరోజు చూపు చూపేనా? వారం నిలబడాల," అన్నాడు.

శుక్రవారం మామూలుగా స్పేర్ల కోసం చెన్నై బండెక్కాను. శనివారం వచ్చి చూస్తే నో డిస్క్. మళ్ళీ తుడిచాను, బాగా చదివింది. పై శనివారం మళ్ళీ నో డిస్క్. మూడు వారాలు ఇదే వరస. శనివారం పూట ఈ డబ్బాకు ఏం పుడుతుందో నాకు అంతు పట్టలేదు. దిష్టి అన్నాడు టీ అన్న. నమ్మలేదు గానీ, ఎందుకైనా మంచిదని ఒక నిమ్మకాయ కట్టాను. ఆ వారమూ పోయింది.

ఆ శనివారం తుడిచిన దూది పసుపచ్చగా ఉంది. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సాంబ్రాణి!

నా బుద్ధిని ఏమనాలి? ప్రతి శుక్రవారం నాయన స్నానం చేసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, రిపేరుకొచ్చిన ప్రతి యంత్రానికీ మూడు చుట్లు పొగ పడతాడు. వాటిని పేషంట్లంటాడు. పుట్టినప్పటి నుంచి ఆ పొగ పీలుస్తున్న నాకు అది పొగలా తోచనే లేదు.

పై శుక్రవారం చెన్నై వెళ్తున్నానని చెప్పి, పాత ఫ్రిజ్జు వెనక కూర్చున్నాను. నేను లేని రోజుల్లో లాగే టీ అన్న నాయన కోసం షట్టరు ఎత్తి వెళ్ళిపోయాడు. నాయన గోడ తడుముకుంటూ వచ్చాడు. మిక్సీకి మూడు చుట్లు, ఫ్యానుకు మూడు చుట్లు. సీడీ డబ్బా దగ్గర ఆగాడు. వేళ్ళతో వెతికి బటన్ నొక్కి, మూత ఎత్తి, ధూపం గిన్నె తిన్నగా లెన్సు దగ్గర పెట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు!

"నాయనా!" అన్నాను. గిన్నె ఎగిరిపడబోయి ఆగింది. "ఐరన్ మొన కనపడని మనిషికి ఆ బటన్ ఎట్టా దొరికింది?"

తిడదామని ఇంకా చాలా సిద్ధం చేసుకున్నాను. ఆయన స్టూలు తడుముకుని కూర్చున్నాడు.

"భయమేసినాది పాపా," అన్నాడు. "ఇప్పుడు మసగ్గానన్నా నీ ముఖం కనపడతా ఉండాది. ఆపరేషన్ ఎదురు తిరిగితే అదీ పోతాది గదా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత స్పిరిట్ దూది ఆయన చేతికే ఇచ్చాను. బొబ్బల మచ్చలు ఇంకా పోని ఆ చేతిని పట్టుకుని లెన్సు దాకా తీసుకెళ్ళాను. ఎంత నొక్కాలో నేను చెప్పనక్కర్లేకపోయింది. డిస్కు తిరిగింది, పాట మోగింది.

"వచ్చిందా?" అన్నాడు టీవీ వైపు చూస్తూ.

"వచ్చింది."

"నాకు కనపడలా," అన్నాడు. దూది బల్ల మీద పెట్టి, "సోమవారం నెల్లూరు బండి ఎన్నింటికి?" అన్నాడు.

ఆపరేషన్ టేబుల్ మీద డాక్టరుతో, దూదితో తుడిస్తే సరిపోదా అని బేరమాడాడట. ఒక కన్ను బాగుపడింది, రెండోది వచ్చే నెల.

మొన్న శుక్రవారం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షాపుకొచ్చాడు. నేను నిప్పులు రాజేసి గిన్నె అందించబోతే, గబగబా వెళ్ళి సీడీ డబ్బా మీద తన భుజం మీది తువ్వాలు కప్పి, దాన్ని వాకిలి దగ్గరికి తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు.

"ఈ రోజు నుంచి నువ్వే తిప్పు పాపా," అన్నాడు. "మా ఇద్దరికీ పొగ తగలకూడదంట."