రాయి వేసి వినే బావి

నిజాం పాలన చివరి ఏళ్లలో, ఇబ్రహీంపట్నంలో మా గోడ పక్కనే సర్కారు వారు నీళ్ల కోసం బోరు వేయించసాగారు. బోరు తవ్వే ఆయిల్ ఇంజను మోతకు గూట్లోని దీపం సైతం వణికేది.

మా పెరటి బావిని ఎండాకాలానికని ముట్టకుండా ఉంచేవాళ్లం. లోతు వల్ల అడుగు కనిపించదు. అందుకే అమ్మ రోజూ ఒక గులకరాయి వేసి, నీటి చప్పుడు విని నిశ్చింతగా లోపలికి వచ్చేది. ఇంజను మొదలైన కొన్నాళ్లకు ఆ చప్పుడు వినిపించడం మానేసింది.

"దీని నోరు పడిపోను, బావి మాట విననిస్తలేదు బిడ్డా," అని అమ్మ తిట్టేది. "మోత వల్ల వినబడలేదు" అని నేను కూడా రోజూ తేదీ వేసి రాసుకున్నాను.

ఒక శుక్రవారం నమాజుకు పోతూ ఇంజను మేస్త్రీ మోత ఆపి, గోడ మీదుగా నవ్వాడు.

"జర ఇప్పుడు విను అవ్వా, నీ బావి ఏమంటదో!"

అమ్మ రాయి వేసింది. అడుగున ఎండిన బండ 'టక్'మన్నది.

"నువ్వొకటి వెయ్యి బిడ్డా," అన్నది అమ్మ మెల్లగా.

వేశాను. మళ్లీ అదే చప్పుడు.

బోరులోనూ నీళ్లు పడలేదు. ఇంజనును బండిమీద ఎక్కించుకుని పోయారు. ఇప్పటికీ ఎక్కడైనా యంత్రం ఆగితే నేను చెవి రిక్కిస్తాను. ఆ నిశ్శబ్దంలో రాయి ఇంకా పడుతూనే ఉంటుంది.