బల్ల మీద పెట్టిన చీటీ

కరెంటు తయారుచేసే ఊళ్లోనే కరెంటు పోయింది. కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నేను ఉచితంగా చెప్పే కంప్యూటర్ పాఠం మధ్యలో ఆగింది. పిల్లల లాప్‌టాప్‌లు పాతవి, బ్యాటరీలు నిలవవు. సరే, మనుషులతోనే ప్రోగ్రాం నడిపిద్దామన్నాను.

పాఠం ఇది. ఒకేసారి నడిచే రెండు పనులు ఒకే చోట రాస్తే ఒకదాని లెక్కను ఇంకొకటి చెరిపేస్తుంది. అందుకని ఆ ఉమ్మడి చోటు తీసేసి, ఒకదానికొకటి కబురు పంపుకునేలా రాస్తాం. అవతలివాడు అందుకునేదాకా ఇచ్చేవాడు ఆగాలి. కబురు వచ్చేదాకా అందుకునేవాడు ఆగాలి. అప్పుడే ఇద్దరి అడుగూ కలుస్తుంది.

"ఆ ఉమ్మడి చోటే ఈ బల్ల. అది లేదనుకోండి. చీటీ చేతి నుంచి చేతికే పోవాలె" అన్నాను.

రెండు చీటీల మీద రెండు అంకెలు రాసి నేను ఇద్దరికి ఇవ్వాలి. వాళ్లు వాటిని రెట్టింపు చేసి మూడోవాడికి ఇస్తే, అతను రెండూ కలిపి చెప్పాలి. నా ఎడమవైపు ఒక వ్యాపారి కొడుకు. కుడివైపు గని కార్మికుడి కూతురు, దళిత కుటుంబం. అంటరానితనం మీద నా ఉపన్యాసం విని, ఇంకో ట్యూషన్ మానేసి నా దగ్గరికి వచ్చింది. అక్కడ ఎందుకు మానేసిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఊహించుకుని లోలోపల గర్వపడ్డాను.

అబ్బాయి చీటీ అందుకుని, లెక్క చేసి, మూడోవాడికి ఇచ్చాడు. మూడోవాడు రెండో చెయ్యి ఖాళీగా చాపుకుని నిలబడ్డాడు. ఎంతకీ ఏమీ రాలేదు.

"సార్, ప్రోగ్రాం హ్యాంగయింది" అన్నాడు. అందరూ నవ్వారు.

అమ్మాయి కూడా చెయ్యి చాపి అట్లనే ఉంది. నీ చీటీ ముందరే ఉంది కదా, తీస్కో అన్నాను.

"నాకు అందలే సార్. బల్ల మీద పెట్టిండ్రు."

చూసుకున్నాను. అబ్బాయికి చేతిలో పెట్టాను. ఆమెకు బల్ల అంచున పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మంథనిలో మా ఇంట్లో కొందరికి ఏదిచ్చినా అరుగు మీద పెట్టి జరిగేవాళ్లం. జంధ్యం తెంపేశాను. సహపంక్తి భోజనాలు పెట్టించాను. ఆలోచన మారితే కులం పోతుందని వేదికలెక్కి గొంతు చించుకున్నాను. ఆ ఉపన్యాసాల్లో ఒక్కటీ నా మోచేతికి వినపడలేదు.

అంతకంటే సిగ్గుమాలిన పని వెంటనే చేశాను.

"కనిపెడ్తరా లేదా అని పరీక్ష పెట్టిన. మంచిగ పట్టినవమ్మా" అన్నాను.

ఆధారం లేనిదే ఎవరి మాటా నమ్మొద్దని ఊరూరా చెప్పే నన్ను, ఆ పిల్లలు ఆధారం అడగకుండానే నమ్మి చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. చీటీ తీసి ఆమె చేతికిచ్చాను. లెక్క సరిగ్గానే వచ్చింది.

ఇక్కడ కూడా మానేస్తుందేమోనని వారమంతా కుమిలిపోయాను. మానేస్తే ఇంకెక్కడికి పోతుంది?

మరుసటి ఆదివారం ఆమె వచ్చింది. కరెంటు ఉన్నా అదే ఆట మళ్లీ ఆడించాను. నేనింకా అంకె రాయకముందే ఆమె బల్ల దాటించి చెయ్యి చాపింది. నేను మళ్లీ తప్పు చెయ్యకుండా తనే కాపలా కాస్తున్నది.

పోయినవారం నేను పెట్టింది పరీక్ష కాదని అందరూ వినేలా చెప్పడం మొదలుపెట్టాను.

"తెల్సు సార్" అన్నది మెల్లగా. "చీటీ ఇయ్యుండ్రి. అవతల ఆగిండ్రు."