రఫీ జనాజా వరుసలో సందు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇప్పుడు నేనే చెబుతున్నాను, ఏం చెయ్యను?

మాది తెనాలి. నేను ఫిజిక్స్ పరిశోధన చేస్తాను. విద్యుదావేశం ఉన్న పరమాణువులను, అంటే అయాన్లను, గాలి లేని పెట్టెలో వరుసగా నిలబెట్టడం మా పని. రెండు చివరల నుంచీ నొక్కితే ఆ వరుసలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి జరుగుతాయి. తొందరపడి నొక్కితే ఎడమవైపువి ఒకలా, కుడివైపువి ఇంకోలా సర్దుకుంటాయి. అవి కలిసేచోట పొందిక చెడుతుంది. ఆ లోపం మామూలుగా ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. పదేపదే ఒకేచోట పడిందంటే, కెమెరాకు కనబడని అయాన్ ఏదో అక్కడ నిలబడి ఉందేమోనని చూస్తాం.

మొన్న వానాకాలంలో మా తమ్ముడు రఫీ బాపట్ల దగ్గర సముద్రంలో కొట్టుకుపోయాడు. కొన్నాళ్లకు శవం దొరికింది. మొహం మిగల్లేదు. చొక్కా, బెల్టు చూసి నేనే గుర్తుపట్టాను.

అమ్మీ ఒప్పుకోలేదు. "అలాంటి చొక్కాలు ఎంతమందికి లేవు? వాడు నా బిడ్డ కాదురా" అంది. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. తిండి మానేసింది. ఈవిడ కూడా నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

మా నాన్న, అబ్బా సమాధి ఉన్న రేపల్లెలోనే ఖననం. వానకు అంతా బురద, పోయినవాళ్ల కోసం వరుసల్లో నిలబడి చదివే జనాజా నమాజుకు మిగిలింది ఇరుకు జాగా. "దగ్గరగా జరగండి" అన్నారు ఇమాం గారు. జనం ఒత్తిడికి మా వరుస ఒకరు ముందు, ఒకరు వెనక అయింది. ఒకచోట కుదరక సందు మిగిలింది. తొందరలో ఇది మామూలేగా అనుకున్నాను.

ఇమాం గారు అందరినీ విడగొట్టి మళ్లీ నిలబెట్టారు. మనుషులు మారారు. సందు మాత్రం అక్కడే ఉంది. ఇంకోసారి సర్దారు. అయినా అక్కడే.

నేనే వెళ్లి అందులో నిలబడబోయాను. పక్కనున్న ముసలాయన, మాకు ఏమాత్రం తెలియని మనిషి, "ఆగు బాబూ, ఇక్కడ మనిషి ఉన్నాడుగా" అని పక్కకు చూశాడు, అక్కడ ఎవరూ లేరు. ఇమాం గారు ఇక వరుస సర్దలేదు. అలాగే నమాజు చదివించారు.

మర్నాడు వెళ్లి ఆ చోటు చూశాను. చదునైన నేల, గుంట కూడా లేదు.

నమాజులో ఉన్న మా మామూ, అమ్మీ తమ్ముడు, ఊరుకోకుండా ఇదంతా ఇంట్లో ఉన్న ఆమెకు చెప్పేశాడు. అమ్మీ నన్ను పిలిచి "నిజమేనా?" అంది.

"ఇరుకులో అలాగే అవుతుంది అమ్మీ, అంతే."

నా మొహంలోకి చూసింది. "వాడే వచ్చి నిలబడ్డాడన్నమాట. అయితే పోయాడురా నా బిడ్డ" అని కూలబడి ఏడ్చింది.

నేను ఎంత చెప్పినా నమ్మనిది, ఆ ఖాళీ జాగా గురించి విని నమ్మింది. అక్కడ ఎవరూ లేరని ఆవిడకు గట్టిగా చెప్పాలనుకుంటాను. ఈ రోజుకీ నోరు రావడం లేదు.