అడవి స్టేషన్లో బదులు కూత

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంటాయన బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చి, కింద ఎవరో వెంట నడిచినట్టు వినిపించిందని చెబితే, అన్నం చల్లారుతుంది తినమనేదాన్ని. మా చెల్లెలు కనకం చిన్నతనంలో అడవిలో తప్పిపోయినప్పుడు ఊరంతా ఏదో పట్టుకుపోయిందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎలుగుబంటి అయి ఉంటుంది, లేదా పాడుబడ్డ బావి అయి ఉంటుంది అన్నాను. పిల్ల మాత్రం దొరకలేదు.

నా చదువు మూడో తరగతితో ఆగింది. అలంకారాలు రావు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది టేకులపల్లి దగ్గర అడవి అంచు పల్లె. ఎండాకాలం వస్తే బీడీల కోసం తునికాకు కోయడానికి ఆడవాళ్లమంతా అడవిలోకి పోయేవాళ్లం. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవం. దూరమైన మనిషి కోసం నోటికి చెయ్యి అడ్డం పెట్టి పొడుగ్గా ఒక కూత వేస్తాం. విన్న మనిషి పొట్టిగా రెండు కూతలు బదులివ్వాలి. దారి తప్పినవాళ్లు నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. వెతికేవాళ్లే కూత పట్టుకుని పోవాలి. పిల్లలకు ముందు ఇది నేర్పి, తర్వాతే ఆకు కోయడం నేర్పేవాళ్లం.

కనకానికి నేర్పింది నేనే. ముందు పన్ను ఊడిపోవడంతో దాని రెండో కూత చివర ఈలలాగా గాలి పోయేది. అందరం నవ్వేవాళ్లం. అది తప్పిపోయిన నాడు చీకటి పడేదాకా, గొంతు పోయేదాకా కూశాను. బదులు రాలేదు.

నా కూతురి బిడ్డ శ్రావణి జర్మనీలో మ్యూనిక్ అనే పెద్ద పట్నంలో నర్సు. పోయిన ఏడు నన్ను తీసుకుపోయి కొన్నాళ్లు ఉంచుకుంది. దానికి సెలవు దొరికినప్పుడల్లా పొద్దున్నే రైలెక్కి, ఏదో ఒక ఊరు చూసి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం.

"గైడు, టూరు బస్సు అన్నీ దండగ అమ్మమ్మా. మనమే పోదాం. ఈ ఒక్క టికెట్ మీద పొద్దంత ఎన్ని రైళ్లయినా ఎక్కొచ్చు."

"గట్లయితే ఎక్కుతనే ఉందాం. దిగుడెందుకు?"

"దిగకుంటే చెరువెట్ల చూస్తవ్?"

ఆ రోజు పెద్ద చెరువున్న ఒక ఊరికి బయలుదేరాం. పులిహోర డబ్బా, నా ఫోను ఉన్న సంచి కునుకు తీస్తున్న శ్రావణి ఒళ్లో పెట్టి, లేపకుండానే నేను మరుగుదొడ్డికని ముందు పెట్టెలోకి పోయాను. ఆ దేశంలో కొన్ని రైళ్లు దారిలో ఒక స్టేషన్లో రెండుగా విడిపోయి, సగం ఒక దారిన, సగం ఇంకో దారిన పోతాయట. నాకేం తెలుసు. బయటికి వచ్చి చూస్తే శ్రావణి కూర్చున్న పెట్టె లేదు. చివరి అద్దంలోంచి వెనక్కి పోతున్న పట్టాలు కనిపించాయి.

టికెట్లు చూసే ఆమె ఏదో అడిగింది. నా కోటు జేబులో శ్రావణి నంబరు రాసిపెట్టిన చీటీ ఉంటే చూపించాను. ఆమె తన ఫోను కలిపి నా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మమ్మా, బుగులు పడకు. వచ్చే స్టేషన్ల ఆమె నిన్ను దింపుతది. బెంచీ మీద కూసో. అడుగు కదలకు. నేను వెనక రైలుకొస్త."

"పులిహోర పైలం," అన్నాను.

ఆ స్టేషన్లో ఒక బెంచీ, ఒక గడియారం తప్ప ఏమీ లేవు. మనిషి లేడు. రెండు పక్కలా నల్లగా పొడుగాటి చెట్లు. రైలు పోయాక అంత నిశ్శబ్దం మా అడవిలో కూడా వినలేదు. మిట్టమధ్యాహ్నమే, ఎండ కూడా ఉంది. అయినా చలి. ఎవరినైనా అడుగుదామన్నా భాష లేదు. నాకు తెలియకుండానే చెయ్యి నోటికి అడ్డం పోయింది. పొడుగ్గా ఒక కూత వేశాను.

చెట్ల లోపలి నుంచి బదులు వచ్చింది. పొట్టిగా రెండు. రెండోదాని చివర ఈలలాగా గాలి పోయింది.

పక్షి అనుకున్నాను. మళ్లీ కూశాను. మళ్లీ అవే రెండు. నా గొంతే తిరిగి వచ్చిందేమో అంటారు మీరు. పొడుగు కూత తిరిగి వస్తే పొడుగ్గానే వస్తుంది కదా.

ఎన్నిసార్లు కూసినా అదే చోటు నుంచి వచ్చింది. దగ్గరికి రాలేదు, దూరమూ పోలేదు. అప్పుడు నాకు తెలిసింది. అక్కడున్నది ఎవరైనా, కదలకుండా నిలబడి ఉంది.

లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా పోయాను. పట్టాలు దాటితే చెట్లే. కానీ నేను పోతే శ్రావణి వచ్చి ఖాళీ బెంచీ చూస్తుంది. ఖాళీ చోటు చూడడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కాలు కింద పెట్టలేకపోయాను, వెనక్కీ తీయలేకపోయాను. అట్లాగే నిలబడ్డాను.

శ్రావణి దిగి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. "చెప్పిపోవాల్నా వద్దా? ఇగ నిన్ను కొంగుకు కట్టుకొని తిరుగుత," అని తిట్టింది. తిరుగు రైలు కూడా అప్పుడే పక్క పట్టాల మీదికి వచ్చి ఆగింది. చెయ్యి పట్టి ఎక్కించబోయింది.

ఈసారి నేను కూయలేదు. అయినా వెనక నుంచి ఆ రెండు కూతలు వచ్చాయి.

శ్రావణి ఆగి చెట్ల దిక్కు చూసింది. "ఎవరమ్మమ్మా, గట్ల పిలుస్తుండ్రు?"

అది బొగ్గుబాయి వాళ్ల కాలరీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. మా కూతల సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. రైలెక్కి నేను నోరు తెరిచేలోపే తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ఆ అద్దాల్లోంచి బయటి చప్పుడు లోపలికి రాదు.

తర్వాత శ్రావణి ఫోనులో ఆ దేశపు పక్షుల కూతలు ఒక్కొక్కటే వినిపించింది. ఏదీ అది కాదు. మళ్లీ ఆ స్టేషన్‌కు పోదామని నేను అడగలేదు. అడిగి ఉంటే తీసుకుపోయేది.

టేకులపల్లి అడవిలో పోయిన పిల్ల అక్కడికి ఎట్లా చేరుతుంది? చేరదు. ఇప్పటికీ అదే అంటాను. కానీ మేమిద్దరం విన్నదేమిటో చెప్పమంటే చెప్పలేను. తప్పిపోతే కదలొద్దని కనకానికి నేర్పింది నేను. వెతికేవాళ్లే వస్తారని చెప్పింది కూడా నేనే.