తువ్వాలు దాటిన కర్ర

మా ఆయన సైన్యంలో మేజరుగా రిటైరై నర్సీపట్నం వచ్చిన కొత్తలో చేసిన మొదటి ఘనకార్యం, బస్టాండులో జనాన్ని వరసలో నిలబెట్టడం. చింతపల్లి బస్సొస్తే కిటికీల్లోంచి మూటలూ పిల్లల్నీ కలిపి తోసేసే జనం మాది. ఆయన బెత్తం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, తోసుకొచ్చినవాడి పిక్కల మీద ఒక్కటిచ్చేవారు. ఓసారి ఒకడి మోకాలు చిట్లి రక్తం కారింది. ఊరి పెద్దమనుషులు తప్పని అనకపోగా, ఇంటికొచ్చి కాఫీ తాగి మరీ మెచ్చుకున్నారు.

ఆ మెచ్చుకున్నవాళ్లే ఆయన్ని రాజకీయాల్లోకి లాగారు. అందరూ తోటలున్న ఆసాములు. భూపరిమితి చట్టంతో మిగులు భూమి పోతోందని వాళ్ల ఏడుపు. ఆస్తి, ఆచారం, క్రమశిక్షణ అనే పార్టీ వాళ్లది. ‘పెద్దల మాటే దేశానికి వెన్నెముక’ అని మా ఆయన మీటింగుల్లో మాట్లాడుతుంటే వినసొంపుగా ఉండేది. ముందువరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను.

జీడిపిక్కల కాలంలో ఒకరోజు పాయకరావుపేటలో పెళ్లికని ఇద్దరం జీపులో బయల్దేరాం. ఊరు దాటకముందే ఒకడు అడ్డంపడి ఆపాడు. ఆసాముల్లో ఒకరి తోట మిగులు భూమిగా తేలితే, దానికి పట్టాలందుకున్న కూలీలు పిక్కలేరడానికి దిగారట. ఆసామి మనుషులు కర్రలతో వెళ్లారట. మా ఆయన పోగుచేసిన రిటైరైన జవాన్లు కూడా వెళ్లారట. ఆయన పెళ్లి సంగతి మరిచిపోయి జీపు అటు తిప్పించారు. పట్టుచీరలో నేను వెనక సీట్లో ఉన్నానన్న సంగతి కూడా మరిచినట్టున్నారు.

మేం వెళ్లేసరికి ఒక కూలీ దవడ పగిలి, పళ్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆసామి మనిషొకడు విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని బూతులు తిడుతున్నాడు. కాళ్ల కింద నలిగిన జీడిపళ్ల పులుపు, రక్తం వాసన కలిసి కొడుతుంటే చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

మా వైపు కొట్లాటల్లో ఒక కట్టుబాటుంది. ఊరి పెద్ద భుజం మీది తువ్వాలు తీసి మధ్యలో వేస్తే, ఎవరి కర్ర వాళ్లు దించెయ్యాలి. తువ్వాలు దాటి కొట్టినవాణ్ణి సొంతవాళ్లే శుభానికీ అశుభానికీ పిలవరు. పక్క ఊరి పెద్ద మా నాన్న. గొడవ విని పొలం నుంచి మట్టికాళ్లతో పరిగెత్తుకొచ్చి, రెండు గుంపుల మధ్య తువ్వాలు వేశాడు. అన్ని కర్రలూ దిగాయి. హమ్మయ్య అనుకున్నాను.

“ఆగొద్దు. కొట్టండి” అన్నారు మా ఆయన, జీపు బానెట్ మీద నిలబడి.

నాన్నండీ, మా నాన్నండీ అని నేను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. పల్లెవాళ్లెవరూ కదల్లేదు. జవాన్లు కదిలారు, వాళ్లకి ఆర్డరంటే ఆర్డరే. కర్ర దించిన కూలీలని గొడ్లని బాదినట్టు బాదారు. పారిపోతూ పడినవాణ్ణి కూడా వదల్లేదు. అడ్డం వెళ్లిన మా నాన్న బుర్ర పగిలిన చప్పుడు జీపు దాకా వినబడింది. ఆ తలని నా పట్టుచీర కుచ్చెళ్లలో పెట్టుకుని విశాఖ పెద్దాసుపత్రి దాకా కూర్చున్నాను.

గుడ్డ విసరడం అవతలివాళ్లకి దాడి చెయ్యమని సైగ అనుకున్నానని మా ఆయన అందరికీ చెప్పారు. ఇరవై ఏళ్లు సైన్యంలో ఉన్న మనిషి, మన కట్టుబాట్లు మరిచిపోయుంటారని నేనూ నమ్మాను. ఆసాములు ఆసుపత్రి వరండాలో నన్ను పట్టుకుని, ముసలాయన పోలీసులకి బండి తిరగబడిందని చెబితే వచ్చే ఎన్నికల్లో పంచాయతీ సమితి ప్రెసిడెంటు సీటు మీ ఆయనదే, లేకపోతే జైలేనమ్మా అన్నారు. వాళ్ల మొహాన ఉమ్మేసి లోపలికి వెళ్లాను. నాన్నకి తెలివొచ్చింది.

“నిజం సెప్పమ్మా. తువ్వాలంటే ఏటో నీ మొగుడికి తెలుసా?”

“తెలీదు నాన్నా. చిన్నప్పుడే వెళ్లిపోయారు కదా.”

“తెలీక కొట్టిస్తే నా కర్మ. తెలిసి కొట్టిస్తే మాత్రం ఆడితో కాపరం సెయ్యకు.”

వరండాలో మాటలు లోపలికి వినబడ్డట్టున్నాయి, పోలీసులకి బండి తిరగబడిందనే చెప్పాడు. మర్నాడు పోయాడు.

ఎన్నికల్లో మా ఆయన గెలిచారు. మెడలో దండలతో మధ్యాహ్నం భోజనానికొచ్చి కూర్చున్నారు. అన్నం వడ్డిస్తూ, ఆ రోజు తువ్వాలు సంగతి మీకు నిజంగా తెలీదా అని అడిగాను. గెలిచిన ఆనందంలో అబద్ధం అవసరం లేదనుకున్నారో ఏమో.

“తెలీకపోవడమేంటి? మా తాత ఎన్ని తువ్వాళ్లు వేశాడని. ఆ రోజు ఆగిపోయుంటే ఈ రోజు నాకీ సీటెవడిస్తాడు?”

పప్పు కలుపుకుంటూ అన్నారామాట. నా ఒళ్లంతా కారం రాసినట్టు మండింది. మేముంటున్న ఇల్లు మా నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చిన స్థలంలో కట్టింది. ఆయన చెయ్యి కడుక్కునేలోగా ఆయన మిలటరీ ట్రంకుపెట్టె నేనే ఈడ్చుకొచ్చి వీధి గుమ్మంలో పెట్టాను. కొత్త ప్రెసిడెంటుగారికి దండలు వెయ్యడానికి వచ్చినవాళ్లు ఆయన్ని ఆ పెట్టె పక్కనే చూశారు.